దాటేసిన పాట

మేష్టారి భార్య ప్రసన్నకుమారి చనిపోయి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలలూ యెహెజ్కేలు మేష్టారి ఇంట్లో వీసీఆర్ మీద కప్పిన గుడ్డ ఎవరూ తియ్యలేదు. అంతకుముందు ఆదివారమంటే చర్చి నుంచి రాగానే భోజనాలు, భోజనాలు కాగానే సినిమా. ముగ్గురూ చాప మీద కూర్చునేవారు. క్యాసెట్టు ఎంచి తెచ్చే పని ఎప్పుడూ ప్రసన్నకుమారిదే.

ఇప్పుడు పదకొండేళ్ల ఆశాజ్యోతి ఆ వేళకి పుస్తకం పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళిపోతోంది. పిలిస్తే చదువుకోవాలంటుంది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసుకుంటుంది. కూతురు మళ్ళీ వచ్చి తన పక్కన కూర్చోవాలి. మేష్టారు కోరుకునేది అంతే.

ఓ శనివారం బడి ఒంటిపూట కావడంతో ఆయన రామచంద్రపురం బజారులో తాతాజీ వీడియో లైబ్రరీకి వెళ్ళారు. నవ్వించే సినిమా కావాలని, అందులో తల్లి చనిపోకూడదని చెప్పారు. తాతాజీ ఒక్కో క్యాసెట్టూ తీసి, చూసి, తల అడ్డంగా ఊపి మళ్ళీ అరలో పెడుతున్నాడు.

"తల్లి పోకపోతే మన సినిమాల్లో కథెక్కడ కదులుద్దండీ మేష్టారూ," అనేసి, ఎవరితో అంటున్నాడో గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు. చివరికి ఒకటి చేతిలో పెట్టి, దీన్లో అలాంటిది ఒక్క సీనేనని, మిగతాదంతా నవ్వేనని, ఆ కాస్తా ముందుకి తిప్పేసుకోమని మెల్లగా చెప్పాడు.

రేపటి పాఠం ఇవాళే చూసుకుని క్లాసుకి వెళ్ళడం మేష్టారికి ఇరవై ఏళ్ల అలవాటు. ఆశాజ్యోతి చర్చిలో పాటల ప్రాక్టీసుకి వెళ్ళగానే గుడ్డ తీసి, దుమ్ము తుడిచి, క్యాసెట్టు పెట్టారు. ముందు తీసుకెళ్ళినవాళ్ళు మొదటికంటా వెనక్కి తిప్పినట్టు లేదు, పెట్టగానే కథ నడుస్తోంది. ఆయన అది పట్టించుకోలేదు. తల్లి మంచం పట్టిన చోట వీసీఆర్ మీద వెలుగుతున్న అంకె చూశారు. క్యాసెట్టు పెట్టినప్పుడల్లా సున్నాతో మొదలయ్యే అంకె అది. లెసన్ ప్లాన్ పుస్తకం చివరి పేజీలో రాసుకున్నారు: 412 నుంచి 478 దాకా.

మర్నాడు భోజనాలయ్యాక, నవ్వుల సినిమా తెచ్చానని కూతుర్ని పిలిచారు. ఆ పిల్ల నమ్మీ నమ్మనట్టు వచ్చి చాపకి ఆ చివర, పుస్తకం ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

క్యాసెట్టు ఈసారి పద్ధతిగా మొదటికంటా తిప్పి, బయటికి తీసి మళ్ళీ పెట్టారు. పేర్లు పడ్డాయి. పెళ్ళివారి బస్సు బురదలో దిగబడ్డ చోట ఆశాజ్యోతి నవ్వింది. పుస్తకం తీసి పక్కన పెట్టింది. మేష్టారి కళ్ళు మాత్రం బొమ్మ మీద లేవు, అంకె మీదే ఉన్నాయి. నాలుగొందల పన్నెండు రాగానే బటన్ నొక్కారు. తెర మీద గీతలు పడ్డాయి. గీతల వెనక పెళ్ళిపందిట్లో ఎవరో గంతులేస్తున్నారు.

"పాట వెళ్ళిపోతోంది నాన్నగారూ."

అదంత బాగోదని చెప్పి, నాలుగొందల డెబ్భై ఎనిమిది దగ్గర వదిలారు.

తెర మీద తల్లి మంచంలో ఉంది. కొడుకు చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోతోంది.

నిన్న తను చూసింది సినిమా మొదటి నుంచి కాదని, అంకెలు అందుకే కలవలేదని అప్పుడు తట్టిందాయనకి. వేళ్ళకి బటన్ దొరకలేదు.

"ఉండనివ్వండి," అంది ఆశాజ్యోతి.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఇలాంటి సీను వచ్చేముందు అమ్మ ఎప్పుడూ తనని మంచినీళ్ళు తెమ్మని వంటింట్లోకి పంపేదని చెప్పింది. ఆ నీళ్ళు ఆయనకి గుర్తొచ్చాయి. ప్రతి ఆదివారం తాగినవే. దాహం లేకపోయినా ఎందుకు వస్తున్నాయో ఎన్నడూ అడగలేదు.

"గ్లాసు పట్టుకుని తలుపు చాటు నుంచి చూసేదాన్ని. అన్నీ చూశాను." తెర మీంచి చూపు తిప్పకుండానే అంది. "అమ్మకీ తెలుసు. అయిపోయాక, ఇంక రామ్మా అని పిలిచేది."

సీను చివరిదాకా నడిచింది. ఇద్దరూ చూశారు.

అది అయ్యాక ఆశాజ్యోతి, ఇప్పుడు వెనక్కి తిప్పమంది. పాట చూడాలిట. ఎక్కడ ఆపాలో నాన్నగారికి తెలీదు కనక తనే చెబుతానంది. అంకెలు కనబడేలా చాప మీద జరిగి జరిగి, ఆయన పక్కకి వచ్చి కూర్చుంది.