నాలుగు వేళ్ల నురగ

"ఇంటికెళ్లేటప్పుడు ఎవరైనా బండి మీంచి పడితే?"

ఆమె ఆ మాట అనేటప్పటికి ఇంకా ఒక్క అతిథి కూడా రాలేదు. మధ్యాహ్నపు ఎండ కిటికీల్లోంచి హాలు సగం దాకా వచ్చింది. బీరు పీపా చుట్టూ ఐసు సర్దుతోంది. కొత్త బట్టల మీద పాత ఏప్రన్ కట్టుకుంది. ఇరవై ఏళ్లుగా చన్నీళ్లలో నానిన వేళ్లు, కూతురి రిసెప్షన్ రోజున కూడా తెల్లగా ముడతలు పడే ఉన్నాయి.

"ఇంకా ఎవరూ తాగందే పడిపోవడం ఏంటి వదినా?" అంటూ నవ్వింది వియ్యపురాలు. "హాయిగా సీసాలు పెట్టిస్తే పోయేదిగా. టబ్బులో ఐసు పోసి పడేస్తే ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకునేవాళ్లు. పెళ్లికూతురి తల్లివి, దర్జాగా కూర్చోక ఈ చాకిరీ నీకెందుకు?"

"సీసాలైతే ఎవరు ఎన్ని తీశారో ఎవరికీ తెలీదు వదినా. ఇక్కడైతే గ్లాసు పట్టుకొచ్చిన ప్రతి మొహమూ నేను చూస్తాను."

"చూసి మార్కులేస్తావా?"

ఆమె నవ్వలేదు. మొదటి గ్లాసు పట్టింది. అంతా నురగే. పక్కన పారబోసింది.

పది రోజుల కిందట కూతురిని అడిగింది, పీపా పెట్టనా, సీసాలు పెట్టనా అని. కూతురు చేతిలో ఉన్న బట్టకు అంచు కుడుతూ తల ఎత్తలేదు. మూడుసార్లు అడిగినా అంతే. అత్తగారి వాళ్ల ముందు తల్లి పీపా దగ్గర నిలబడితే నామోషీ కాబోలు అనుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారాక తనే నిర్ణయించింది. పిల్ల మొహం మాడ్చుకున్నా సరే, పీపానే.

ఎనిమిదేళ్ల కిందట ఇదే హాలులో ఎవరిదో పెళ్లి. ఆమె అప్పుడు వెనక సింకు దగ్గర గ్లాసులు కడిగేది. పని అయ్యాక అమ్మను ఇంటికి తీసుకెళ్దామని ఆమె పెద్దోడు చెల్లిని వెంటేసుకుని ముందే వచ్చాడు. పెళ్లివారు తెలిసినవాళ్లే, ఉండమన్నారు. టబ్బులో సీసాలు తేలుతున్నాయి. మధ్యలో ఎవరినో దింపి వస్తానని స్కూటర్ తీశాడు. రెండు వీధుల అవతలి మలుపు ప్రాణంతో దాటలేదు.

"ఎన్ని తాగాడు?" అని ఆమె కనబడిన వాళ్లందరినీ అడిగింది. ఒకటన్నారు, అసలు తాగలేదన్నారు, మేం చూడలేదన్నారు. ఆరోజే ఆమె ఏప్రన్ జేబులోని ఓపెనర్ కూడా పోయింది. సీసాల మూతలు తీసేది, ఆకుపచ్చ తాడు కట్టి ఉండేది. మళ్లీ పనిలోకి వచ్చాక మేనేజరు దాన్ని అడిగితే, సింకు కిందికి దూరి వెతికింది పిచ్చిది. తర్వాత, తనను పీపా దగ్గర నిలబెట్టమని బతిమాలుకుంది.

అప్పటి నుంచి ఆమె పోసే గ్లాసులో నురగ నాలుగు వేళ్లు, బీరు ఆ మేరకు తక్కువ. రెండు వేళ్లు చాలునని మేనేజరు ఎన్నిసార్లు తిట్టినా చెయ్యి వినదు. హాలులో అందరికీ ఆమె నురగమ్మ.

"ఏమండీ, ఇది బీరేనా, గడ్డం గీసుకునే సబ్బా?" అని వియ్యంకుడి తమ్ముడు గ్లాసు పైకెత్తి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. రెండోసారి వచ్చినప్పుడు ఆమె అతని కళ్లలోకి చూసింది. మూడోసారి గ్లాసు ఇవ్వకుండా, "బండి తాళాలు మీ ఆవిడకివ్వండి, అప్పుడు పోస్తాను" అంది. అతను సణుక్కుంటూనే ఇచ్చాడు.

దూరంగా కుర్చీలో కూర్చుని కూతురు ఆమెనే చూస్తోంది. ఎవరో పలకరిస్తే అటు తిరిగి నవ్వుతోంది, మళ్లీ ఇటే చూస్తోంది. సిగ్గుపడుతోంది నా తల్లి అనుకుని ఆమె పీపా వెనక్కి ఇంకాస్త ఒదిగింది.

ఎండ తగ్గేసరికి హాలు ఖాళీ అయింది. అల్లుడు కారు గుమ్మంలోకి తెచ్చాడు. వాళ్ల ఊరికి నాలుగు గంటల దారి. ఆమె గ్లాసులు బోర్లిస్తూ ఉంటే కూతురు వెనకనుంచి వచ్చి నిలబడింది.

"నాలుగు, అమ్మా."

"ఏం నాలుగు?"

"ఆరోజు అన్నయ్య తాగినవి. నాలుగోదాని మూత నేనే తీశాను. నీ ఏప్రన్ జేబులోంచి ఓపెనర్ తీసుకెళ్లి."

పదమూడేళ్లు అప్పుడు దానికి. పీపా కుళాయి సరిగ్గా కట్టలేదేమో, చుక్కలు పడుతున్నాయి.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదే?"

"వాడే వద్దన్నాడు. అమ్మకు చెప్పకే, కంగారుపడుతుంది అన్నాడు."

బయట అల్లుడు హారన్ కొట్టాడు. ఆమె తడి చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. ఇంకో హారన్ వినిపించింది. కూతురు కదల్లేదు. తల్లి మొహంలోకి చూస్తూ, చిన్నప్పుడు తప్పు చేసి నిలబడ్డట్టే నిలబడింది.

ఆమె కూతురి భుజం మీది పైట సర్దింది.

"కంగారేం లేదమ్మా. వెళ్లిరా."

కారు మలుపు తిరిగే చప్పుడు ఆగిపోయేదాకా ఆమె అక్కడే ఉంది. తడి బల్ల మీద, బోర్లించిన గ్లాసుల పక్కన, ఆకుపచ్చ తాడు వెలిసిపోయిన ఓపెనర్ ఉంది.