ఆడి నెలలో గట్టిమేళం

నారాయణ్‌కి ఎవరి మీదైనా కోపమొస్తే తిట్టడు, పొగుడుతూ పాట కడతాడు. అదీ మామూలుగా కాదు. వెనకాల వయొలిన్లు, డోలు, నాదస్వరం, పెళ్లి బ్యాండు ట్రంపెట్టు, ఆ పైన మా చర్చి కోయిరు ఆడవాళ్లు. దొంగను పట్టుకురావడానికి పల్లకీ పంపినట్టు ఉంటుంది వ్యవహారం. ఆ కోయిరుకు పెద్దదాన్ని నేనే, కృపామణిని. ఆదివారం దేవుణ్ణి నిజంగా స్తుతిస్తాం, మిగతా రోజుల్లో నారాయణ్ కోసం అబద్ధంగా స్తుతిస్తాం.

చిక్కేమిటంటే, ఆ వాతలు తగలాల్సినవాళ్లకు తగలవు. చెరువు పూడ్చి ప్లాట్లు వేసిన ఒక పెద్దమనిషిని భూదేవి దత్తపుత్రుడని పొగుడుతూ పాట కట్టాడు. ఆయన మురిసిపోయి, తన కొత్త వెంచరు ప్రారంభానికి మమ్మల్నే పిలిచి శాలువాలు కప్పాడు. దర్శనం సిఫారసు లెటర్ల కోసం తిరిగేవాళ్ల మీద కడితే, వాళ్లే దాన్ని రింగుటోనుగా పెట్టుకున్నారు. తిరుపతి నుంచి పలమనేరు దాకా పేరొచ్చింది. నారాయణ్‌కి మాత్రం తృప్తి లేదు. ఒక్కరికైనా గుచ్చుకోవాలి, ఆ ఒక్కరూ వాళ్ల నాయన కావాలి.

నాయన శఠగోపం గారు గుడి ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. “మీవాడు ఏం చేస్తాడు సామీ?” అని ఎవరైనా అడిగితే, “గొంతు సవరించుకుంటా ఉండాడు” అనేవారు. మా రిహార్సళ్లు వాళ్ల మిద్దె మీదే. మేము మెట్లెక్కగానే ఆయన గది తలుపు ధడాలున వేసుకునేవారు. కిటికీలోంచి చూస్తే, ఆ ఉక్కలో ఫ్యాను కూడా ఆపేసి పంచాంగం పట్టుకుని కూర్చుని ఉండేవారు. పిసినారితనానికైనా ఒక హద్దుండాలి అనుకునేదాన్ని. కొడుకు పాట ఒక్కటైనా విన్నానని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. నారాయణ్ పైకి నవ్వేవాడు గానీ, ఆ తలుపు చప్పుడుకి ప్రతిసారీ ముఖం చిన్నబోయేది. నాకైతే ఒళ్లు మండేది.

ఆ తలుపు చప్పుడులోంచే కొత్త పాట పుట్టింది. నాయనే పాడుకుంటున్నట్టు ఉంటుంది. ఊరంతా తిరిగి తిరిగి చివరికి ఈ ముక్క మీద వచ్చి నిలబడుతుంది:

“కొడుకేమో పాడతాడు, నాకేమో చెవుడు,
స్వామి దయ, మా ఇల్లు చల్లగా ఉండాది!”

అక్కడ వాద్యాలన్నీ ఆగిపోవాలి. నారాయణ్ ఒక్కడే నాయన కళ్లలోకి చూస్తూ పాడాలి. అదీ మా ఏర్పాటు.

ఆడి నెలలో పెళ్లిళ్లుండవు కాబట్టి కల్యాణ మండపం తేలిగ్గా దొరికింది. మేళగాళ్లూ ఖాళీయే. భోజనాలు కూడా ఉన్నాయని చెబితే శఠగోపం గారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. “సాంబారు బాగుంటాదంటే వచ్చినాను” అని అందరికీ వినపడేలా ప్రకటించారు.

పాట బ్రహ్మాండంగా నడిచింది. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి యూనిఫాంతోనే వచ్చిన ప్రేమానందం ట్రంపెట్టుతో హాలు అదరగొట్టాడు. చివరి ముక్క వచ్చింది. వాద్యాలు ఆగాయి. నారాయణ్ నాయన వైపు తిరిగి “కొడుకేమో” అన్నాడు.

అంతే. మా డోలు మునిచంద్రకి ఏం పూనిందో, గట్టిమేళం అందుకున్నాడు. తాళి కట్టేటప్పుడు తుమ్ములూ చెడు మాటలూ వినపడకుండా వాయించే మోత అది. వెంటనే నాదస్వరం లేచింది. మేళం వింటే మనవాళ్లు ఊరుకుంటారా? హాలు హాలంతా లేచి నిలబడింది. శఠగోపం గారు పంచె మడతలోంచి పొట్లం తీసి స్టేజీ మీదికి అక్షింతలు చల్లారు. అక్షింతలు లేనివాళ్లు తింటూ ఉన్న బొరుగులే విసిరారు. నారాయణ్ పెదవులు కదిలాయి గానీ ఒక్క అక్షరం బయటికి రాలేదు. తల నిండా పసుపు బియ్యం, బొరుగులు.

తెర వెనక్కి రాగానే మునిచంద్ర మీద విరుచుకుపడ్డాడు.

“పాటంతా ఆ ముక్క కోసమే గదప్పా! ఈడ ఎవురికి పెండ్లి అయిందని కొట్టినావు?”

మునిచంద్ర తొణకలేదు. డోలుకి గుడ్డ కడుతూ చెప్పాడు. “పెద్దాయన వేలెత్తి ఆడించినాడు సామీ. వేలు ఆడిస్తే కొట్టల్ల, ఎందుకని అడగగూడదు. మా తాత కాలం నించి అదే మర్యాద.”

“ఏ పెద్దాయన?”

“ఇంకెవురు? మీ నాయనే.”

ఆ పాటను మిద్దె మీద తప్ప మేము ఎక్కడా పాడలేదు. సరిగ్గా అక్కడే వేలెత్తాలంటే ఆ ముక్క ఎప్పుడొస్తుందో ముందే తెలిసుండాలి. అక్షింతలు ఇంట్లోనే కలుపుకుని రావాలి. ఆ ఉక్కలో ఫ్యాను ఎందుకు ఆపేవారో నాకప్పుడు అర్థమైంది. దాని మోతలో పాట సరిగ్గా వినపడదు కదా! నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

భోజనాల దగ్గర శఠగోపం గారు ఆకు ముందు కూర్చుని సాంబారు కలుపుకుంటున్నారు. నారాయణ్ వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. జుట్టులో ఇంకా అక్షింతలున్నాయి.

“నాయనా,” అన్నాడు. “నా పాటలన్నీ వింటా ఉంటిరా?”

ఆయన తలెత్తలేదు. పక్కనున్న ఖాళీ ఆకు వైపు చేయి చూపించారు.

“నాకేమో చెవుడు గదరా,” అన్నారు. “కూసో. సాంబారు చల్లారిపోతాది.”