రెండు పుంజుల దొడ్డి

తెల్లారేసరికి దుప్పట్లాయన ఆసుపత్రి నుంచి వచ్చిన మూటలు విప్పి, మరకలున్న దుప్పట్లు ఒక పక్క, లేనివి ఒక పక్క వేసేవాడు. ఉతికే మెషిన్ తిరగడం మొదలయ్యాక కూతుళ్లిద్దరికీ గ్లాసుల్లో పాలు పోసి, రెండు గ్లాసుల్నీ కంటి ఎత్తుకు లేపి, చుక్క తేడా ఉన్నా సరిచేసేవాడు. ఆ తర్వాతే దొడ్లోకి వెళ్లి కోళ్లగూడు తలుపు తీసేవాడు.

అతని భార్య ఓడలో వంటమనిషి. ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ల మీదే. బయల్దేరినప్పుడల్లా గుమ్మంలో నిలబడి ఒకటే మాట చెప్పేది: "ఇద్దర్నీ సమానంగా చూడు." అయినవాళ్లెవరూ దగ్గర లేని ఊళ్లో ఆ మాట అతని చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉండేది. పెద్దమ్మాయికి కొత్త చెప్పులు కొంటే, పాతవి బాగానే ఉన్నా చిన్నమ్మాయికీ కొనేవాడు. పెద్దది మెషిన్ విప్పి చూస్తానంటే వద్దన్నాడు. చిన్నదాని చేతికి ఇవ్వలేనిది దీని చేతికి ఎలా ఇస్తాడు?

పుంజులూ రెండే. ఒకే పెట్ట పొదిగినవి. ఎర్రది ఎటు నడిస్తే అటు ఎండ కాసేది. బూడిదరంగుది ఎటు నడిస్తే అటు తుంపర పడేది. ఎర్రదాని వెనకాల దుప్పట్లు ఆరేసుకుని, బూడిదదాన్ని కూరమడి వైపు తోలుకునేవాడు. వీధిలో వాళ్లకు అందులో వింతేం కనపడలేదు. వాళ్ల అభ్యంతరం వేరే.

"గుప్పెడు పెట్టలకి రెండు పుంజులేంటయ్యా, చోద్యం కాకపోతే?" అనేది పక్కింటి పిన్నిగారు గోడ మీంచి. "ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా? ఒకదాన్ని కూరొండెయ్యి."

"ఏ ఒకదాన్ని పిన్నిగారూ?" అనేవాడతను దిగులుగా. "అక్కడే కదా వచ్చింది చిక్కు."

రెండు పుంజుల తాకిడికి పెట్టల వీపుల మీద ఈకలు ఊడిపోతుంటే చిరిగిన దుప్పటి గుడ్డలతో వాటికి తొడుగులు కుట్టాడు. అదొక పెద్ద పని కాదు. కానీ ఎప్పుడూ ఎర్రదే ముందు కూస్తోందనీ, బూడిదది తన వంతు దాకా ఆగుతోందనీ కనిపెట్టిన రోజు అతనికి ముద్ద దిగలేదు. ఇదేం న్యాయం? మర్నాటి నుంచి వంతులు పెట్టాడు. ఒకరోజు ఎర్రది బయట, బూడిదది గంప కింద. మర్నాడు ఇది బయట, అది గంప కింద.

అంతే, ఇల్లు రణరంగమైంది. సాయంత్రం గూట్లో కలిసేసరికి పుంజులు రెండూ ముక్కూమొహం తెలియని వాళ్లలా ఒకదాని మీదొకటి దూకేవి. తురాయిలు నెత్తురోడేవి. ఎండరోజు కూరమడి వాడిపోయేది, వానరోజు దుప్పట్లు ఆరేవి కావు.

సరిగ్గా అప్పుడే, బడి పందేల్లో పిల్లలిద్దర్నీ చూసిన పరుగుల కోచ్ ఒకామె వాళ్లింటికి వచ్చింది. చిన్నమ్మాయిని తన శిక్షణ బడికి పంపమంది. అక్కడే ఉండాలి, అక్కడే చదువు.

"మరి పెద్దమ్మాయి?" అన్నాడతను.

"తనూ బాగానే పరిగెడుతుందండీ. కానీ చోటు ఒక్కటే ఉంది."

"అయితే ఇద్దరికీ వద్దు."

"సాయంత్రం దాకా ఆలోచించుకోండి. ఆ తర్వాత ఆ చోటు వేరే పిల్లకి ఇచ్చేయాలి." కోచ్ తన ఇంటి గుర్తులు చెప్పి వెళ్లిపోయింది.

చిన్నమ్మాయి ఏడవలేదు. పరుగు బూట్లు విప్పి మంచం కిందకి తోసేసింది. అతను మొహం తిప్పుకుని, ఉతికిన దుప్పట్లు బండికెత్తి ఆసుపత్రికి పోయాడు.

తిరిగొచ్చేసరికి దొడ్లో గంప వెల్లకిలా పడి ఉంది. రెండు పుంజులూ బయటే. బండి వదిలేసి పరిగెత్తాడు.

"ఎవరే వదిలింది?"

"నేనే," అంది పెద్దమ్మాయి దండెం దగ్గర్నుంచి కదలకుండా. "కాసేపు కొట్టుకున్నాయి, ఏది ముందో తేల్చుకున్నాయి. నిజానికి చిన్నప్పుడే తేల్చుకున్నాయి నాన్నా. నువ్వే రోజూ మళ్లీ మొదలెట్టిస్తున్నావు."

దొడ్డి నడిమధ్య గీత గీసినట్టు ఇటు ఎండ, అటు తుంపర. పెట్టలు తమ తొడుగులతో పేరంటాళ్లలా ఇటూ అటూ తిరుగుతున్నాయి. ఎర్రది మెడ చాచి కూసింది. బూడిదది ఆగింది. ఆగి, తన కూత తను కూసింది. ఆ కూతలో లోటేదైనా ఉందేమోనని అతను చెవి ఒగ్గి వెతికాడు. దొరకలేదు.

"పుంజుల సంగతి సరే," అన్నాడు చివరికి. "చెల్లి వెళ్లిపోతే నీకు బాధ ఉండదా?"

"ఎందుకుండదు? కానీ అది నా బాధ. దాన్ని కూడా రెండు గ్లాసుల్లో పోస్తావా ఏంటి?"

అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మరి నీకేం కావాలే తల్లీ?"

"ఆ మెషిన్ విప్పనివ్వు. లోపల ఏదో అరుగుతోంది, నీకు వినపడట్లేదు."

అతను స్క్రూడ్రైవర్ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, చెప్పులేసుకుని బయల్దేరాడు. హడావిడిలో దొడ్డి తడిక వేయడం మర్చిపోయాడు. పుంజులు రెండూ చెరో పక్కన చేరి వెంట నడిచాయి. కుడి భుజం ఎండుతూ, ఎడమ భుజం తడుస్తూ, అతను వీధి నడుమ రాజులా నడిచాడు. గోడ మీంచి పిన్నిగారు నోరు తెరిచి, తుంపర పడేసరికి మూసుకుంది.

కోచ్ తలుపు తీసి, అతన్ని ఎగాదిగా చూసి, లోపల్నుంచి తువ్వాలు తెచ్చిచ్చింది. "ఆ ఎడమ పక్క తుడుచుకోండి."

"మా చిన్నమ్మాయిని పంపిస్తున్నాం," అన్నాడతను.

"సంతోషం. ఇంతకీ మిమ్మల్ని ఒప్పించిందెవరు?"

అతను తుడుచుకోవడం ఆపి నిటారుగా నిలబడ్డాడు.

"మా పెద్దమ్మాయి," అన్నాడు, నాలుగిళ్ల అవతలి దాకా వినపడేలా.