దర్జీ గుమ్మం ముందు దీపం

వీధి దీపాలకు కొత్త యంత్రాలు బిగించే పని నాది. రోడ్డు మీద కదలిక ఉంటే దీపం నిండుగా వెలుగుతుంది, లేకపోతే గుడ్డిదవుతుంది. కరెంటు ఖర్చు తగ్గిందని ఆఫీసులో మిఠాయిలు పంచారు. నేను తీసుకోలేదు. నా భార్య పోయాక నాకు తీపి సహించదు.

కొన్నాళ్లకు సందులో దర్జీ నాకు అడ్డం పడ్డాడు.

"అన్నా, మా ఇంటి ముందు దీపం చస్తోంది. మాట్లాడుకుందామంటే కుదరట్లేదు."

"మాటలకు దీపం ఎందుకయ్యా?"

అనేసి నాలుక కరుచుకున్నాను. అతని భార్యకు పుట్టుకతో వినపడదు. వాళ్ల మాటలన్నీ చేతులతోనే. పగలంతా అతని చేతులు మిషను మీదే ఉంటాయి కాబట్టి మాటలు రాత్రికి మిగులుతాయి. ఉన్నది ఒక్క గది. మనవరాలు పడుకోగానే కోడలు లైటు ఆర్పేస్తుంది. అప్పుడు మొగుడూ పెళ్లాం బయట మెట్టు మీద కూర్చుంటారు. వాళ్ల కాపురంలో మంచీ చెడూ అన్నీ ఆ దీపం కిందే తేలాయి.

ఇంజనీరుకు చెప్పాను.

"ఒకరికి సడలిస్తే ఊరంతా వస్తుంది. ఇంట్లో బల్బు వేసుకోమను," అన్నాడు, కంప్యూటరు తెర మీంచి చూపు తిప్పకుండా.

గోడకు చెప్పినా ఒకటే. నిచ్చెన ఎక్కి, కదలికను పసిగట్టే కన్నును రోడ్డుతో పాటు మెట్టు కూడా కనపడేలా వంచాను.

ఇక వాళ్లు మాట్లాడితే వెలుగు, మానేస్తే మసక. వీధికంతా తెలిసిపోయింది.

"ఏం దర్జీ, నిన్న దీపం ఆరనే లేదు. మీ ఆవిడ బాగా గడ్డి పెట్టిందా?" అనేవాడు పాలవాడు.

ఆ ఒక్క దీపం ఎక్కువ కాలుతోందని ఆఫీసు తెర పట్టేసింది. ఇంజనీరు నన్నూ నిచ్చెననూ వెంటబెట్టుకుని రాత్రి వచ్చాడు.

మెట్టు మీద పోట్లాట జోరుగా ఉంది. దర్జీ ఏదో చెప్పబోతే ఆమె అతని వేళ్లు గుప్పిట పట్టి నోరు మూయించింది.

"ఏమంటోంది?" అని దర్జీని అడిగాడు ఇంజనీరు.

"కోడలి జాకెట్టు బిగుతుగా కుట్టానంట సార్. ఇన్నేళ్లయినా కొలత తీయడం రాదంట."

ఇంజనీరు నవ్వలేదు. "కన్ను మళ్లీ రోడ్డుకు తిప్పెయ్," అన్నాడు నాతో.

"మీరే తిప్పండి. నిచ్చెన అదిగో."

ఆమె ఏమిటని భర్తను అడిగింది. అతను నెమ్మదిగా చేతులతో చెప్పాడు. ఆమె చేతులు ఒళ్లో పడిపోయాయి. ఇద్దరూ కదల్లేదు. దీపం మసకబారింది. కాసేపటికి ఆమె ఒక్క వేలు ఆడించింది. దీపానికి అది చాల్లేదు. అతను ఆ వేలు చూడాలని ఆమె ఒళ్లోకి వంగిపోయాడు.

ఇంజనీరు ముందుకు వచ్చి చెయ్యెత్తి ఊపాడు. వెలుగు వచ్చింది.

"ఉండనీ," అన్నాడు.

అంతమాత్రాన మంచివాడని నేననను. మొదట వాళ్లను చీకట్లో కూర్చోబెట్టింది ఆయనే. ఆమె మాత్రం మెట్టు మీద కాస్త జరిగి, కూర్చోమని ఆయనకు చోటు చూపించింది.