ఇల్లుబండి అడుగు రేకులు

ఇంగ్లండు నుంచి వచ్చి మలయాలో ఓడ దిగినప్పుడు ఆ ఇల్లుబండి పెళ్లికూతురులా ఉండేదట. చక్రాల మీద ఒక గది, కారు వెనక తగిలించుకుని రబ్బరు ఎస్టేటు పాత దొర షికారు వెళ్లేవాడు. జపాను వాళ్లు వచ్చేసరికి దాన్ని రబ్బరు చెట్ల మధ్య వదిలేసి దొర పారిపోయాడు. ఇంకేముంది, ఎవరికి అందింది వాళ్లు ఊడబెరికారు. అంచుల వెంట మెరిసే అల్యూమినియం పట్టీలు గరిటెలయ్యాయి. నేలచెక్కల అడుగున బిగించిన రేకులు కూలీల లైను ఇళ్ల కప్పులెక్కాయి. వాటిలో ఒకటి తిమ్మయ్య వంటింటి మీదే ఉందని లైనులో అందరూ ఎరుగుదురు. తిమ్మయ్య ఒక్కడే ఎరగడు.

కువాలా సెలంగోర్ దగ్గరి ఆ ఎస్టేటులో తిమ్మయ్యది రేకు పని. కొత్త దొరకు ఆ బండిని బాగుచేయించి, సుంగై సుమున్‌లో ఉన్న తమ రెండో ఎస్టేటుకు మందుల బండిగా పంపాలని బుద్ధి పుట్టింది. పని తిమ్మయ్యకు అప్పగించాడు. లారీకి తగిలించి లాక్కుపోవలసిన డ్రైవరు తంగరాజు, తిమ్మయ్యకు స్వయానా అల్లుడు. తండ్రి తమిళుడు, తల్లి తెలుగు మనిషి, పుట్టి పెరిగింది సుంగై సుమున్‌లోనే. భార్య పుష్పవల్లి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. ఆ లారీలోనే తల్లీబిడ్డల్ని కూడా తీసుకుపోదామని అతని ఆలోచన.

పని చేతికొస్తే తిమ్మయ్యకు అన్నం గుర్తుండదు. రబ్బరు పాలు గడ్డకట్టించే తొట్లలోని పాత అల్యూమినియం పలకలు అడిగి తెచ్చుకున్నాడు. బండికి ఒక మూల మిగిలిన పాత పట్టీ ముక్క మీద కాగితం పరిచి, బొగ్గుతో రుద్ది, దాని వంపు పట్టాడు. ఆ వంపుకు చెక్క అచ్చు చెక్కి, పలకల్ని కోసి, సుత్తితో మెల్లగా తట్టి కొత్త పట్టీలు చేశాడు. తర్వాత బండి కింద వెల్లకిలా పడుకుని అడుగున ఇనప రేకులు బిగించాడు. దారి బురద లోపలికి ఎక్కకుండా ముందు రేకు చివర వెనక రేకు కిందికి వచ్చేలా పేర్చాడు. వాన నీళ్లు నిలిస్తే రేకు తుప్పు పడుతుందని ప్రతి రేకుకూ పల్లంలో చిల్లులు వేశాడు. ఎవరూ చూడని చోట అంత పని ఎందుకయ్యా అని జనం నవ్వుతుంటే ఇంకో మర బిగించాడు.

అవి మలయాలో ఎమర్జెన్సీ రోజులు, తెల్లవాళ్ల మీద కమ్యూనిస్టులు తిరగబడ్డ కాలం. అడవిలో దాక్కున్న ఆ తిరుగుబాటుదార్లకు తిండి అందకూడదని ఎస్టేటు చుట్టూ ముళ్లకంచె వేశారు, గేటు దగ్గర సోదా పెట్టారు. గుప్పెడు బియ్యం బయటికి పోయినా జైలే. తిమ్మయ్య భార్య ఎర్రమ్మకు ఇదంతా తెలుసు. తెలిసీ మూడంకె వేసుకుని పడుకుంది.

"ఒట్టి ఒడితో నా కూతుర్ని ఎలా పంపుతాను? తొలిచూలు పిల్లతో ఎల్తన్నాది. పసుపు బియ్యం ఒడిలో ఎయ్యకుండా పంపితే దాని కాపురం ఏటైపోద్ది?"

"గేటు కాడ పట్టుకుంతారే!"

"పట్టుకుంతే మనల్నే కదా పట్టుకుంతారు."

తిమ్మయ్య ఆమెను కసురుకోవలసింది. కానీ ఒక్కతే కూతురు. పైగా, చెప్పొద్దూ, తన చేతిపని మీద అతనికి కొండంత గీర. ఎర్రమ్మ పసుపు కలిపి పాత చీర ముక్కలో మూటగట్టిన బియ్యాన్ని నేలచెక్కకూ అడుగు రేకుకూ మధ్య పెట్టి మరలు బిగించేశాడు. అల్లుడికి చెబితే గేటు దగ్గర మొహంలో తెలిసిపోతుందని చెప్పలేదు. ఊరు చేరాక విప్పి చూసుకోమని కూతురికి కబురంపవచ్చులే అనుకున్నాడు.

పొద్దున్నే లైనంతా సాగనంపడానికి గేటుదాకా వచ్చింది. కాన్‌స్టేబుళ్లు పాలడబ్బా మూత తీసి చూశారు, చంటిదాని పక్క దులిపారు, బండి కింద దూరి రేకుల్ని తట్టారు. ఒక మలాయ్ కాన్‌స్టేబులు పని బాగుందని తల ఊపాడు కూడా. తిమ్మయ్యకు ఛాతీ పొంగింది. అప్పుడే తెల్ల ఆఫీసరు నేల వైపు చూశాడు.

ఎర్రమట్టి దారి మీద సన్నగా పసుపు గీత. లైన్ల దగ్గర నుంచి గేటుదాకా, చక్రాల జాడల మధ్య. గతుకుల్లో బండి ఊగినప్పుడల్లా మర మొనలు మూటను చీరేశాయి. నీళ్లు పోవడానికి వేసిన చిల్లుల్లోంచి బియ్యం ఒక్కొక్క గింజే రాలుతూ వచ్చింది. ఇంకా రాలుతూనే ఉంది.

"పచ్చగా ఉన్నాయెందుకు?" అని ఆఫీసరు అడిగాడు. ఇది వీళ్ల శుభకార్యం బియ్యమని పక్కనున్న దుబాసీ చెప్పబోయాడు. శుభమైతే దాచడమెందుకని ఆఫీసరు అన్నాడు.

ఆ బియ్యమేమిటో అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. లారీలో కూర్చున్న పుష్పవల్లి చంటిదాన్ని గుండెకు అదుముకుని తండ్రి వైపే చూసింది. తిమ్మయ్య ఉన్నచోటే నిలబడిపోయాడు. భయం వేసింది, అంతే. దానికి మంచి పేరు ఇంకేదీ లేదు.

తంగరాజు అత్తనూ మామనూ చూశాడు. లారీ దిగి చేతులు జోడించాడు.

"నానే పెట్టినాను దొరా. మా మావకి ఏటీ తెల్దు."

మర్నాడు తిమ్మయ్య, అల్లుణ్ని పట్టుకుపోయిన పోలీసు స్టేషనుకు పరిగెత్తాడు. ఆ రేకులు బిగించింది నేను, బియ్యం దాచింది నేను, నన్ను పట్టుకోండి అని నెత్తీనోరూ కొట్టుకున్నాడు. కుర్చీలో ఉన్న మనిషి విసుక్కున్నాడు. "రోజూ ఎవరో ఒకరు వస్తారు. నిన్న ఒక ముసలమ్మ కొడుకు బదులు తనను లోపలేయమంది. ఇంటికెళ్లు. వాడు ఒప్పుకున్నాడు."

తంగరాజును చాలాకాలం నిర్బంధ శిబిరం కంచెల వెనక పెట్టి, చివరకు ఇండియా పంపేయాలని తేల్చారు. ఇక్కడే పుట్టానని అతను మొత్తుకున్నాడు. లైన్ల ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టినవాడికి రుజువెక్కడిది? ఇండియాలో అతనికి తెలిసిన గుమ్మం ఒక్కటీ లేదు. పుష్పవల్లి మాత్రం ఒక్క క్షణం తటపటాయించలేదు, బిడ్డతో బయల్దేరింది.

పోర్టు స్వెట్టెన్‌హామ్ రేవులో ఆమె తల్లిని కావలించుకుని ఏడ్చింది. తండ్రి దగ్గరకు వచ్చేసరికి కళ్లు తుడుచుకుంది.

"బియ్యం పెట్టినావని కాదు నాన్నా. నువ్వు నోరిప్పుతావని ఆవేళ నీ మొకమే సూస్తా కూకున్నాను."

"మర్నాడు ఎల్లి సెప్పినాను కదమ్మా..."

"మర్నాడు," అంది పుష్పవల్లి. ఓడ ఎక్కింది.

మెర్డేకా ఏడాది, అంటే స్వతంత్రం వచ్చిన ఏడాది. దేశం మనదైందన్నారు. కొత్త దేశంలో పౌరులుగా పేర్లు రాయించుకోవడానికి ఎస్టేటు జనమంతా వరసకట్టారు. శ్రీకాకుళం వైపు పల్లెలో పుట్టి, తల్లి చంకలో సముద్రం దాటి వచ్చిన తిమ్మయ్య కూడా నిలబడ్డాడు. ఎర్రమ్మ రానంది. ఆమె అప్పటికి అతనితో అవసరానికి తప్ప మాట్లాడడం మానేసింది.

గుమస్తా అరుముగం తమిళంలో అడిగాడు. "పిల్లలు?"

"ఒక కూతురు."

"ఎక్కడుంది?"

"ఇండియాలో."

అరుముగం మంచివాడు, నవ్వుతూ తల పైకెత్తాడు. "ఓ, సొంతూరు వెళ్లిపోయారా?"

"కాదండీ," అన్నాడు తిమ్మయ్య. "వాళ్ల సొంతూరు ఇదే."

అరుముగానికి అర్థం కాలేదు. వెనకవాళ్లు తోస్తున్నారు. బయట పిల్లలు జెండాలు పట్టుకుని మెర్డేకా, మెర్డేకా అని కేకలేస్తున్నారు. గుమస్తా అతని పేరు రాసుకుని, ఇక నువ్వు ఈ దేశం వాడివే పెద్దాయనా, సంతోషమేనా అని అడిగాడు. తిమ్మయ్య అక్కడే, అందరి ముందూ, బావురుమన్నాడు.