ముక్కు డాక్టరు

స్ట్రెచర్ పిడి పట్టుకునే ముందు ఇస్రాయేలు ఎడమ చేతి చూపుడు వేలిని ముసలాయన ముక్కు కింద పెట్టాడు. వెచ్చటి గాలి తగిలింది. అది తన ఊపిరేమోనన్న అనుమానంతో ముఖం పక్కకు తిప్పుకొని మరోసారి పెట్టాడు. ఈసారి ముసలాయన కళ్ళు తెరిచాడు.

"ఏందిరా, సచ్చిననుకున్నవా?"

"లేదు తాతా. ఊరికెనే."

"ఊరికెనే ముక్కుల వేలు పెడ్తరా ఎవలన్న?"

పక్క మంచం దగ్గర భర్తకు జావ తాగిస్తున్న ఆడమనిషి పకపకా నవ్వింది. "గాయనకు గదే పని తాతా. ముక్కు డాక్టర్ అంటరు. వేలు పెట్టి చూడందే బండి కదలది."

ఇస్రాయేలు నవ్వలేదు. స్ట్రెచర్‌ను వార్డులోంచి మెల్లగా బయటికి తోశాడు. అతనికి ముప్పై నాలుగేళ్ళు. పొడుగు మనిషి. తొమ్మిదేళ్ళుగా బండ్లు తోసీ తోసీ కుడి భుజం ఎడమ దానికంటే రెండు వేళ్ళు కిందికి దిగింది. నీలం చొక్కా మీద గడ్డం ఛాతీ దాకా పెరిగింది. ఆ గడ్డాన్ని చూసి క్యాంటీన్ సోమన్న రోజూ ఏదో ఒకటి అంటాడు. నిన్న, "ఏందే, యేసుప్రభువు లెక్క అయితున్నవ్. మీ పాస్టర్ చూస్తే గొర్రెపిల్లను చేతుల పెట్టి ఫోటో దిగుమంటడు," అన్నాడు.

అతని భార్య రూపకు ఎనిమిదో నెల. కడుపుతో ఉన్న ఆడమనిషి భర్త గడ్డం గీసుకోకూడదు. పీనుగను మోయకూడదు, ముట్టకూడదు. ఇది పాస్టరు చెప్పిన మాట కాదు, ఇస్రాయేలు తల్లి గోపమ్మ చెప్పిన మాట. బాప్తిస్మంలో మార్తమ్మ అని పేరు పెట్టి నలభై ఏళ్ళయినా వాడలో అందరూ ఆమెను గోపమ్మనే అంటారు. పాత పేరులాగే పాత పట్టింపులూ ఆమెతో ఉండిపోయాయి.

రూపకు మొదటి కడుపు అయిదో నెలలో పోయింది. రెండోది ఏడో నెలలో పుట్టి, పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా బతికింది. బీపీ వల్ల అన్నారు డాక్టరమ్మ. గోపమ్మ డాక్టరమ్మతో వాదించలేదు. మొదటిసారి కొడుకు మేనమామ పాడె మోశాడని, రెండోసారి ఇదే దవాఖానలో మార్చురీ బండి తోశాడని మాత్రం ఇంట్లో ఒక్కసారి అంది. మళ్ళీ అనలేదు. ఇస్రాయేలుకు ఆ మాట మీద నమ్మకం లేదు. తప్పని చెప్పే ధైర్యమూ లేదు.

అందుకే ఈసారి రూప నెల తప్పిన వారంలోనే పీర్ మహమ్మద్ దగ్గరికి వెళ్ళాడు. పీర్ మహమ్మద్‌కు యాభై దాటాయి. అదే షిఫ్టులో అదే పని. ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. వార్డుల్లో ఎవరు పోయినా పీర్ మహమ్మద్ తీసుకుపోతాడు. బదులుగా అతను తోయవలసిన రోగులందరినీ ఇస్రాయేలు తోస్తాడు.

"నాకు ఆరుగురు పిల్లలు తమ్మీ. ఇగ నాకేం భయం?" అన్నాడు పీర్ మహమ్మద్. "నువ్వు ఫికర్ చెయ్యకు."

ఫికర్ తగ్గలేదు. మొదట్లో ముఖం మీద గుడ్డ కప్పిన మంచాన్ని చూస్తే పక్కకు జరిగేవాడు. తరవాత అనుమానం బతికున్నవాళ్ళ మీదికి పాకింది. పోయిన నెల ఒక రోగిని పై వార్డు నుంచి ఐసీయూకు తీసుకుపోతే, అక్కడి డాక్టరు చూసి, "ఇప్పుడే పోయిండు," అన్నాడు. ఇప్పుడే అంటే ఎప్పుడు? మంచం మీదనా, ర్యాంపు మీదనా, తలుపు దగ్గరనా? వార్డు వాళ్ళకు ముందే తెలిసి తనతో పంపారా? ఆ సాయంత్రం బిడ్డ కదలడం లేదని రూప అంది. గంట తరవాత కదిలింది. ఆ గంట ఇస్రాయేలులో ఇంకా పూర్తి కాలేదు.

అప్పటినుంచే ఈ వేలు.

ముసలాయనను స్కానింగ్ దగ్గర దింపి, గోడవారగా నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. పొద్దుటి నుంచి ఇది మూడోసారి.

"తన్నిందా?"

"తన్నింది," అంది రూప.

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"నిజమేనా?"

"అబద్ధం చెప్తే నాకేమొస్తది? ఫోను కడుపుకానిస్త, నువ్వే అడుగు."

వెనక నుంచి తల్లి గొంతు వినిపించింది. ఏమంటున్నదో తెలియలేదు. అడగడానికి భయమేసింది. రోజూ సాయంత్రం ఆమె వాకిట్లో నీళ్ళ బకెట్ పెట్టుకొని నిలబడుతుంది. "ఎవర్నన్న ముట్టినవా?" అంటుంది. "లేదమ్మా," అంటాడు అతను. ఆమె అతని ముఖం చూడదు, చేతులు చూస్తుంది. ఐసీయూ సంగతి జరిగిన రోజు కూడా లేదనే అన్నాడు. ఆమె ఆ రోజు చేతులను కాస్త ఎక్కువసేపు చూసింది.

రూప జవాబు ఎప్పుడూ వెంటనే వస్తుంది. అడగకముందే సిద్ధం చేసి పెట్టుకుంటున్నదేమో అనుకున్నాడు.

ఆ రోజు శుక్రవారం. ఒంటిగంట కాకముందే పీర్ మహమ్మద్ కాళ్ళూ చేతులూ కడుక్కొని, టోపీ జేబులో పెట్టుకొని నమాజుకు వెళ్ళిపోయాడు. అతను గేటు దాటాడో లేదో ఆడవాళ్ళ వార్డు నుంచి అల్మాస్ సిస్టర్ పిలిచింది.

"ఇస్రాయేల్, పదకొండో బెడ్ అవ్వను ఎక్స్‌రేకు తీస్కపో."

పీర్ భాయ్ వెళ్ళినంక ఎందుకు పిలిచినట్టు? అతను సిస్టర్ ముఖం చూశాడు. ఆమె ఏదో రాసుకుంటున్నది.

"సిస్టర్, అవ్వ మంచిగనే ఉన్నదా?"

"మంచిగుంటే దవాఖానల ఎందుకుంటది? దమ్ము జర ఎక్కువున్నది. ఎక్స్‌రే తీసి తెమ్మన్నరు. జల్ది పో."

ఆ అవ్వ సైదమ్మను కొత్తకోట అవతలి పల్లె నుంచి అంబులెన్సులో తెచ్చి అయిదు రోజులయింది. వెంట వచ్చిన తమ్ముడి కొడుకు రెండో రోజు బట్టలు తెస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇస్రాయేలు ఆమెను దుప్పటితో సహా ఎత్తి స్ట్రెచర్ మీదికి మార్చాడు. బరువే లేదు. మోచేతుల దాకా పచ్చబొట్లు. సాగిపోయిన చెవి రంధ్రాల్లో కమ్మలు లేవు. మడమలు ఎండిన చెరువు మన్నులా పగిలి ఉన్నాయి. అతను వేలు పెట్టాడు.

"చూస్కో, చూస్కో. ఉన్న," అంది సైదమ్మ. "ఇంకెంతసేపో తెల్వది గని, ఉన్న."

అతనికి సిగ్గేసింది. వేలు తీసేసి బండి కదిలించాడు. పాత భవనం నుంచి ఎక్స్‌రే గదికి రేకుల పందిరి కింద పొడుగాటి దారి. రేకుల మీద ఎండ చిటపటమంటున్నది. సగం దారిలో ఆమె అడిగింది.

"నీ పెండ్లానికి ఎన్నో నెల?"

అతను చప్పున ఆగాడు. "నీకెవరు చెప్పిన్రు?"

"నీ గడ్డం చెప్పింది."

సమాధానం చెప్పాలా వద్దా అని ఆలోచించాడు. చావు దగ్గరలో ఉన్న మనిషితో బిడ్డ సంగతి ఎందుకు? "ఎనిమిది," అన్నాడు చివరికి, నేల చూస్తూ.

"మంచిగయితది తియ్." ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నన్ను మధ్యల దింపి పోకు నాయినా. మా తమ్ముని కొడుకు గట్లనే పోయిండు."

"పోనవ్వా."

"ఒట్టు?"

"ఒట్టు."

బండి కదిలింది. ఆమె పైన రేకులను చూస్తూ తనలో తాను మాట్లాడుకున్నట్టు అంది. "బొంబాయిల మన్ను మోసిన. పూనల మోసిన. కాలువలకు మోసిన. మంది నెత్తికెత్తుతుంటే మోసుకుంట పోయిన. ఇయ్యాల నన్నొకడు మోస్తున్నడు. మంచిగున్నది."

ముందు చక్రం ఎప్పటిలాగే కిర్రుమంటున్నది. కొంతదూరం పోయాక ఆమె చెయ్యి దుప్పటి లోంచి జారి పక్కకు వేలాడింది. పచ్చబొట్టులోని తేలు బొమ్మ అతని వైపు తిరిగి ఉంది.

అతను ఆగాడు. వేలు పెట్టాడు. నాలుకతో తడి చేసుకొని మళ్ళీ పెట్టాడు. తడి ఆరలేదు. చల్లబడలేదు.

చేతులు వాటంతట అవే పిడిని వదిలేశాయి. రెండు అడుగులు వెనక్కి వేశాడు. అరచేతులను చొక్కాకు తుడుచుకొని, అలా తుడుచుకోవడం ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. పీర్ భాయ్ రావడానికి ఇంకా అరగంట పడుతుంది. టిఫిన్ డబ్బా పట్టుకొని పోతున్న ఒకాయన ఆగి, "ఏమైందన్నా?" అన్నాడు.

"ఏం కాలేదు."

ఆయన వెళ్ళిపోయాడు. దారి మధ్యలో బండి, బండి మీద సైదమ్మ. ఆమె కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. దింపి పోతాడా పోడా అని చూస్తున్నట్టే ఉంది.

డాక్టరు చూసి రాసేదాకా ఎవరూ పోయినట్టు కాదు. ఏడుస్తున్న బంధువులకు ఈ మాట అతనే వందసార్లు చెప్పి ఉంటాడు. ఇప్పుడు తనకు చెప్పుకున్నాడు. వేలాడుతున్న చేతిని దుప్పటి కిందికి మార్చి, బండిని వెనక్కి తిప్పి పరుగు లాంటి నడకతో ఎమర్జెన్సీ వైపు తోశాడు. దారి పొడుగునా పైకే మాట్లాడాడు. "వచ్చినం అవ్వా. ఇంకొంచెమే. వచ్చేసినం." అక్కడివాళ్ళు గుండె మీద నొక్కారు, సూది వేశారు. చివరికి డాక్టరు గడియారం చూసి ఒకటీ ఇరవై అని రాశాడు.

అల్మాస్ సిస్టర్ కేసు షీటు తీసుకోవడానికి వచ్చింది. ఇస్రాయేలు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నిజం చెప్పు సిస్టర్. పొద్దుగాల్నే నీకెరికేనా?"

"నాకెట్ల ఎరికైతది?" ఆమె గొంతు పెరిగి మళ్ళీ తగ్గింది. "తెలిస్తే నిన్ను పంపుతనా? నీ సంగతి నాకు తెల్వదా?"

ఆమె కళ్ళలోకి చూశాడు. అవి తడిగా ఉన్నాయి. అవి నిజం చెప్తున్నాయో లేదో అతనికి తేలలేదు.

పీర్ మహమ్మద్ వచ్చేసరికి అతను ఇంకా ఆ బండి పక్కనే ఉన్నాడు. పీర్ మహమ్మద్ టోపీ తీసి మడిచి, చొక్కా చేతులు పైకి లాక్కున్నాడు. ఎవరో దారిలోనే చెప్పినట్టున్నారు, ఏమీ అడగలేదు.

"జరుగు తమ్మీ. నువ్వు తెచ్చింది అవ్వను. నేను తీస్కపోయేది పీనుగను. డాక్టర్ రాసినంకనే గద పీనుగ అయింది. నీకు మైల అంటలేదు."

మాట సరిగ్గానే ఉంది. దానితో ఇంటికి పోయి, "ముట్టలేదమ్మా," అనవచ్చు. అబద్ధం కూడా కాదు. ఇస్రాయేలు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. రేకుల కింద, తడి వేలితో నిలబడినప్పుడు డాక్టరు లేడు. కాగితం లేదు. తనకు మాత్రం తెలుసు.

"వద్దు భాయ్," అన్నాడు. "దింపి పోనని ఒట్టు పెట్టిన."

"పిచ్చా నీకు? ఇంట్ల ఆడిపిల్లకు ఎనిమిదో నెల..."

"ఎరికే."

ఇస్రాయేలు పిడి పట్టుకున్నాడు. పీర్ మహమ్మద్ పక్కన ఒక చెయ్యి ఆనించి నడిచాడు. మార్చురీలో సంబంధీకులు ఎవరని గుమాస్తా అడిగాడు. తమ్ముడి కొడుకు ఇచ్చి పోయిన నంబరుకు చేస్తే ఫోను కలవలేదు. తెచ్చినవారు అన్న చోట ఇస్రాయేలు తన పేరు రాశాడు. గుండ్రటి అక్షరాలతో, తొందర లేకుండా.

బయటికి వచ్చి నల్లా కింద మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఫోన్ చేశాడు.

"అమ్మకు చెప్పు. ఇయ్యాల వాకిట్ల రెండు బకెట్లు పెట్టమను."

"ఎవరు?" అంది రూప.

"కొత్తకోట దిక్కు అవ్వ. సైదమ్మ."

"ఆమెకు ఎవరూ లేరా?"

"లేరు."

తన్నిందా అని అతను అడగలేదు. తన్నిందని ఆమె చెప్పలేదు. ఫోను చెవికి ఆనించుకొని ఇద్దరూ అలాగే ఉన్నారు.

"పెడ్త," అంది చివరికి. "జల్ది రా."

మూడు గంటలకు పదకొండో బెడ్‌కు కొత్త రోగిని తీసుకురమ్మన్నారు. అప్పటికే పరుపు తుడిచి, ఆకుపచ్చ దుప్పటి పరిచారు. కేసు షీటు తీసేశారు. మంచం తలవైపు కిటికీ గట్టు మీద సైదమ్మ స్టీలు గ్లాసు అలాగే ఉంది. దాని అంచు కింద, ఎవరి పెళ్ళిలో ఇచ్చిందో, 'రాంచందర్ వివాహ కానుక' అని చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది. లోపల సగం నీళ్ళు, వాటిలో దుమ్ము పడకుండా పైన మూతలా పెట్టిన బిస్కెట్ పొట్లం కాగితం, అది గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక చిన్న రాయి.