కాసినో తిప్ప మీది గొట్టం

కాసినో తిప్ప కింద అసిరయ్య ఉన్నాడని మా రేవులో పసిపిల్లలకు కూడా తెలుసు. పునాది నిలవాలని కంపెనీవాళ్ళు అతణ్ణి బలి ఇచ్చి పూడ్చారట; సముద్రపు గాలి వీచిన ప్రతి సాయంత్రమూ అతడు మూలుగుతాడట.

నేను ఒక ఇనుప గొట్టాన్ని. అతడి గుండెల మీద దిగబడిందని ఊరు చెప్పుకునేది నా గురించే.

పాత ఓడల తుక్కు కరిగించిన కొలిమిలో పుట్టాను. లారీ మీద ఆ తీరానికి వచ్చేసరికి ఆ విలాసాల రిసార్టు ఇంకా రంగుల బొమ్మగానే ఉంది. బొమ్మలో అంతస్తులు అంతస్తులుగా జూదశాల, సముద్రానికి నాలుగు అడుగుల దూరంలో ఈతకొలను! సముద్రం పక్కన నీళ్ళగుంట తవ్వుకునే ప్రాణి మనిషి ఒక్కడే. అదృష్టాన్ని అమ్మబోయే ఆ పెద్దమనుషులు పునాది స్తంభం కోసం నన్ను భూమిలో దించేటప్పుడు మాత్రం అదృష్టాన్ని నమ్మలేదు. పురోహితుణ్ణి పిలిపించి ముహూర్తం పెట్టించుకున్నారు.

పడవలు ఒడ్డుకు లాగే చోటును కంపెనీకి వదిలేయమని ఊరిని ఒప్పించినవాడు అసిరయ్య. అందుకు ప్రతిఫలంగా కాపలా ఉద్యోగం ఇచ్చారు. తరువాత అనుమతులు రాలేదు. నాలో పోయవలసిన కాంక్రీటు పోయకుండానే కంపెనీ వెళ్ళిపోయింది. ఆ వారంలోనే అసిరయ్య కనబడకుండా పోయాడు. తెరిచి ఉన్న నా నోటి మీదుగా గాలి వీచింది. ఖాళీ సీసా అంచున ఊదితే ఏమవుతుందో అదే అయింది. ఊరు దానికి అసిరయ్య పేరు పెట్టుకుంది.

కులపెద్ద ఎర్రన్న అతడి భార్య పైడమ్మను నా దగ్గరకే తీసుకొచ్చాడు.

“గాజులు తీసెయ్యి కోడలా. మొగుడు అంతలా మూలుగుతుంటే ఇనబడతం లేదేటి?”

“ఆడు మూలిగే రకం కాదు మావా, తిట్టే రకం. శవాన్ని సూపించు, తీస్తాను.”

అన్నదే గాని, ఆ వానాకాలం ఏడుస్తూ గోనెసంచి తెచ్చి నా నోటికి కట్టింది. మూలుగు ఆగింది. గాలికి దారి మూసుకుపోయిందని ఒక్కరూ అనలేదు. “పెళ్ళాం దుప్పటి కప్పింది, పడుకున్నాడు” అన్నారు. పైడమ్మ ఒక్కతే సంచి విప్పింది, మళ్ళీ కట్టింది, మళ్ళీ విప్పి చెవి పెట్టి విన్నది. ఆ తరువాత ఆమె నా దగ్గర ఏడవలేదు.

చివరికి ఇనుప తుక్కు కొనేవాళ్ళు పొక్లెయిన్‌తో వచ్చారు. మగవాళ్ళు దూరంగా నిలబడ్డారు. పైడమ్మ గోతి అంచుకు వచ్చి, “అడుగు దాకా తవ్వండి. నాను సూడాల,” అన్నది. తవ్వారు. తడి ఇసుక, గుల్లలు, నల్లటి బురద. ఎముక ముక్క కూడా లేదు.

ఎర్రన్న ముఖం వెలిగింది. “బతికే ఉన్నాడే కోడలా! గాజులు ఉంచుకో.”

పైడమ్మ గోతిలోకే చూస్తూ ఉంది. “సచ్చిపోతే రాలేకపోనాడు అనుకుందును మావా. బతికుండీ రానోడి కోసం ఈ గాజులేటి?”

ఒక్కొక్కటే తీసి గోతిలో వేసింది. ఈసారి శవం చూపించమని ఆమె ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు పట్నంలో తుక్కు గోదాము మూల అడ్డంగా పడి ఉన్నాను. ఇక్కడ గాలి ఆడదు, నాకు గొంతు లేదు. కంపెనీ జీపులు వెళ్ళిపోయిన ఆ సాయంత్రం అసిరయ్య నాకు ఆనుకొని చాలాసేపు నిలబడ్డాడు. ఊరివైపు ఒకసారి చూశాడు. చేతిసంచి భుజాన తగిలించుకొని, తన కాళ్ళ మీద తానే నడిచి, రోడ్డు మీద ఆగిన బస్సు ఎక్కాడు.